రెండో ప్లేయర్

వీరేశం దగ్గర ప్రతి వస్తువూ జంటగానే ఉంటుంది. రెండు మిక్సర్లు, రెండు జనరేటర్లు, రెండు మైకులు, ప్రతి వైరుకూ ఒక జోడు. జేబులో ఫోన్లు కూడా రెండే. ఒకటి పనికి, ఇంకొకటి ఆ మొదటిది మొండికేసిన రోజుకు. సూర్యాపేటలో డీజే బండ్లు పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. అతనికంటే పెద్ద బాక్సులు, ఎక్కువ లైట్లు ఉన్నవాళ్లే వాళ్లలో ఎక్కువ. కానీ పన్నెండేళ్లలో వీరేశం పాట మధ్యలో ఆగిందన్న మాట ఏ ఊళ్లోనూ పుట్టలేదు. అతని వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

బుధవారం కోదాడలో యశోద గారి మనవరాలికి ఓణీల ఫంక్షన్. పొద్దున పదకొండుకే హాలు నిండింది. వీరేశం తన బల్లను స్తంభానికి ఆనించి వేసుకున్నాడు, వెనకనుంచి ఎవరూ రాకుండా. ల్యాప్‌టాప్‌ను అతను నమ్మడు, పాట మధ్యలో అప్‌డేట్ అడుగుతుంది. ఫోన్‌నూ నమ్మడు, సరిగ్గా డ్యాన్సు ఊపందుకున్నప్పుడే మేనమామ ఎవరో ఫోన్ చేస్తాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే పాత మ్యూజిక్ ప్లేయర్లు రెండు అతని దగ్గర ఉన్నాయి. పాటలు పాడటం తప్ప వాటికి ఇంకేమీ రాదు. రెండిట్లోనూ అవే పాటలు, అదే వరసలో.

ప్రతి పాటకూ రెండు బొటనవేళ్లతో రెండు ప్లేయర్లనూ ఒకేసారి నొక్కుతాడు. మొదటిది మోగుతుంది. రెండోది కూడా నడుస్తూనే ఉంటుంది, కానీ మిక్సర్ మీద దాని మీట కిందికి దించి ఉంటుంది కాబట్టి వినపడదు. అతని కుడిచేతి వేలు పొద్దస్తమానం ఆ మీట మీదే.

యశోద గారి అల్లుడు ఒకాయన ఆడుతూ ఆడుతూ బల్లకు తగులుకున్నాడు. మొదటి ప్లేయర్ వైరు ఊడి కింద పడింది. పాట ఒక్క చిటికెంతసేపు తడబడి, మళ్లీ అదే పదం దగ్గర అందుకుంది. ఆడుతున్న పిల్లలకు తెలియనే లేదు.

యశోద గారు మాత్రం చూశారు. "అదేంటండీ, వైరు ఊడి కింద పడుంది కదా, పాటెలా వస్తోంది?"

"రెండోది వస్తున్నదమ్మా."

"మీరసలు చూడనే లేదు కదండీ! అటు తిరిగి మా తమ్ముడితో మాట్లాడుతూనే ఉన్నారు. చెయ్యి దానంతటదే పోయింది."

"అలవాటమ్మా," అన్నాడు వీరేశం. ఊడిన వైరుకు ఎర్ర టేపు చుట్టి విడిగా సంచిలో వేశాడు. ఒకసారి మోసం చేసిన వైరును అతను మళ్లీ వాడడు.

బాక్సులు బండికి ఎక్కిస్తుండగా మొదటి ఫోన్ మోగింది. మిర్యాలగూడ రైస్‌మిల్లు గుమాస్తా.

"సారు రేపొకసారి మిల్లు కాడికి రమ్మన్నడు."

"ఏ తారీఖు ప్రోగ్రామంట?"

"తారీఖేం చెప్పలే. నిన్ను రమ్మన్నడు, అంతే."

ఫోన్ పెట్టేశాక కూడా వీరేశం కాసేపు దాన్ని చేతిలోనే ఉంచుకున్నాడు. మిల్లు నుంచి ఏటా ఎన్నో ఫోన్లు వస్తాయి. తారీఖు లేకుండా ఎప్పుడూ రాలేదు.

*

ప్రభాకర్ సారుకు మిల్లుతోపాటు బైపాస్ మీద ఫంక్షన్ హాలు ఉంది. సొంతూరు త్రిపురారం దాటి కాలువ వెంట కొంత దూరం లోపలికి. ఊళ్లో వాళ్లు ఇప్పటికీ పటేల్ అనే పిలుస్తారు. ఆ ఫంక్షన్ హాల్లో ఈ ఏడాది ముహూర్తాల్లో ఇరవై రెండు వీరేశానికే దక్కాయి. మిగతా ఊళ్లన్నీ కలిపినా అన్ని రావు.

ఆఫీసు గదిలోకి ఊక వాసన, దాంతోపాటు సన్నటి దుమ్ము వస్తూనే ఉంది. సారు తనే కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు. భార్య వనిత ఎట్లున్నది, పిల్ల చదువెట్లున్నది అని పేరుపేరునా అడిగాడు. అంత మర్యాద చూసి వీరేశం చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"రేపు మా ఊర్ల సత్తయ్య కొడుకు పెండ్లికి నీ బండేనంట గద."

"అవున్సార్."

"మంచి పిల్లగాడు హరీష్. సూర్యాపేటల బట్టల షాపుల చేస్తడు. కనపడితే నమస్తే పెడతడు." సారు బల్ల మీది డైరీని దగ్గరికి జరుపుకున్నాడు. "ఊరేగింపు మా ఇంటి ముందట్నుంచే పోవాలె. ఇంకో తొవ్వ లేదు."

వీరేశం తలూపాడు.

"మా గోడ మొదలైన కాడ పాట ఆపుతరు. పిల్లగాడు బండి దిగుతడు, చెప్పులు ఇడుస్తడు, గోడ ఒడిసినంక మళ్ల ఎక్కుతడు. మా తాతల కాడ్నుంచి అంతే. ఎవరూ ఎవరికీ చెప్పింది లేదు, ఎవరూ కాదన్నది లేదు. ఈసారి ఆపరంట. అలివేలు అంటున్నదంట. సత్తయ్య పాపం మంచోడు, పెండ్లాం మాట దాటడు."

"నాకేం తెల్వదు సార్. నేను బండి తెస్త, పాట పెడత."

"తెలుసు తెలుసు. నేనైతే ఎవర్నీ ఏమనను. వద్దంటే కేసంటరు, ఫోన్ల వీడియో తీస్తరు, ఎందుకు పరేషాన్? కానీ మిషన్ గద వీరేశం. మిషన్ అన్నంక ఒక్కోపారి ఆగుతది. ఆగితే అది ఎవరి తప్పు?"

"నా మిషన్ ఆగదు సార్." నోరు జారాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

ప్రభాకర్ సారు నవ్వాడు. నిజంగానే సంతోషపడ్డట్టు నవ్వాడు. "అందుకే గద నిన్ను పిలిచింది. రోజూ ఆగేది ఆగితే అనుమానం. ఎన్నడూ ఆగనిది ఒక్కపారి ఆగితే, పాపం అంటరు."

డైరీని వీరేశం వైపు తిప్పాడు. పేజీ తర్వాత పేజీ, ముహూర్తం ఉన్న ప్రతిచోటా 'వీరేశం, సూర్యాపేట'. కింద అతని రెండు ఫోన్ నంబర్లు. రెండోది వీరేశమే అడిగి రాయించాడు, మొదటిది పనిచేయకపోతే దొరకాలని. అన్నీ పెన్సిల్ రాతలేనని అతను ఆ రోజే గమనించాడు. పక్కనే రబ్బరు ఉంది. సారు దాన్ని వేలితో అటూ ఇటూ దొర్లిస్తున్నాడు.

"మా అమ్మ కమలమ్మ అరుగు మీద కూసుంటది. ఎనబై ఆరేండ్లు. ఆమె ఉన్నన్ని రోజులు గిట్లనే పోనీ."

"సూస్త సార్," అన్నాడు వీరేశం. అతని వ్యాపారంలో చూస్తానంటే ఒప్పుకున్నట్టే. ఆ సంగతి సారుకూ తెలుసు.

*

సూర్యాపేటలో షాపు చేరేసరికి వనిత గడప దగ్గర కూర్చుని వైర్లకు పిన్నులు అతుకుతోంది. లోపల బాక్సు మీద ఒకామె కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. నాట్లేసే చేతులు, ఎండకు నల్లబడ్డ ముఖం, పెళ్లి కోసం కొన్న కొత్త గాజులు. అలివేలు. రెండు బస్సులు మారి వచ్చింది. సంచిలోంచి పెళ్లికార్డు, ఎండు కుడుక, తమలపాకులు తీసి వీరేశం చేతిలో పెట్టింది.

"నీ పాట ఆగదంట గద తమ్మీ."

"ఎవరన్నరక్కా?"

"మా హరీషు షాపుల అందరన్నరు. అందుకే ఇంత దూరం వచ్చిన. మిర్యాలగూడల డీజేలు లేకనా?" ఆమె గొంతు తగ్గించింది. "నా పెండ్లినాడు ఆ గోడ కాడ మేళం ఆపిన్రు. నేను కొత్తపిల్లను, నాకేం ఎరుక? ఎవరన్న సచ్చిన్రా అని అడిగిన. మా అత్త నా నోరు మూసింది. ఆ గోడ నలబై రెండు అంగలు. ముప్పై ఏండ్లు నాటుకు పోయేటప్పుడు లెక్కపెట్టిన. నలబై రెండు అంగలు మోగితే చాలు. తర్వాత నువ్వు ఆపినా మంచిదే, పాట లేకుండనే ఇంటికి పోతం."

వనిత నవ్వింది. "ఆపుడెందుకక్కా, ఇంటిదాకా మోగుతది."

"మరి మధ్యల మిషన్ చెడిపోతే?"

వనిత లేచి రెండు ప్లేయర్లనూ తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది. "ఇది ఆగితే ఇది."

"గీ అగ్గిపెట్టెలా!" అలివేలు వాటిని చెవి దగ్గర ఊపి చూసింది. "గిది కూడ ఆగితే?"

"ఆగదు. ఆయన చెయ్యి ఆగనియ్యదు."

వీరేశం అటు తిరిగి, అప్పటికే చుట్టి ఉన్న వైరును విప్పి మళ్లీ చుట్టాడు.

అలివేలును బస్సెక్కించి వచ్చాక వనిత అడిగింది. "మిల్లు సారు ఎందుకు రమ్మన్నడు?"

"తారీఖుల సంగతి."

"ఏ తారీఖు?"

అతను వైర్ల సంచి ముడి వేశాడు. వనిత కాసేపు అతన్నే చూసి, పిన్నులు అతుక్కోవడానికి మళ్లీ గడప దగ్గర కూర్చుంది.

అన్నం తింటూ లెక్క వేసుకున్నాడు. నలభై రెండు అంగలు. జనం మధ్య నెమ్మదిగా నడిస్తే రెండు నిమిషాలు. పన్నెండేళ్లలో రెండు నిమిషాలు. ఒకవైపు ఇరవై రెండు ముహూర్తాలు, ఒకవైపు ఒక్క పెళ్లి. అలివేలు మళ్లీ వచ్చి ప్రోగ్రామ్ ఇచ్చేది లేదు, ఆమెకు ఉన్నది ఒక్కడే కొడుకు. వైరు ఊడితే ఎవరూ తప్పుపట్టరు. గోడ మొదట్లో ఊడదీయాలి, గోడ చివర మళ్లీ పెట్టాలి. ఆ పాటకు రెండో ప్లేయర్ నొక్కకూడదు, అంతే. ఎటునుంచి చూసినా చిన్న లెక్క. ఇంత చిన్న లెక్క ఎందుకు తెగడం లేదో మాత్రం అతనికి తెలియలేదు. ఇంట్లో అన్నిటికీ రెండోది ఉంది. ఆ ఫంక్షన్ హాలుకు లేదు.

*

శుక్రవారం పోలీసులు ఆరు లోపు ముగించమన్నారు. నాలుగింటికే ఊరేగింపు కదిలింది. ముందు వీరేశం బండి, దాని వెనక పూలు కట్టిన జీపు, జీపులో హరీష్, కొత్త పెళ్లికూతురు. వీరేశం బండి వెనక భాగంలో బల్ల ముందు నిలబడ్డాడు. అక్కణ్నుంచి జీపులో వాళ్ల ముఖాలు ఎదురుగా కనిపిస్తాయి. డ్రైవర్ సైదులు క్యాబిన్ వెనక అద్దంలోంచి వీరేశం చేతుల్ని చూసుకుంటూ బండి నడుపుతాడు. వేలెత్తితే ఆగాలి, చెయ్యి ఊపితే కదలాలి.

"బావా, గీ ఊర్ల జనం తక్కువున్నరేంది?" అని సైదులు మధ్యాహ్నమే అన్నాడు. నిజమే. ఆడేవాళ్లందరూ సత్తయ్య వాడకట్టువాళ్లే. మిగతా ఇళ్లముందు మనుషులు ఉన్నారు గానీ నవ్వడం లేదు, రోడ్డు మీదికి రావడం లేదు. కిరాణం షాపు షట్టరు సగం దించి ఉంది. షట్టరు కింద నాలుగు జతల కాళ్లు కనిపించాయి, కదలకుండా.

మూల తిరిగితే గోడ. అంతకు ముందే వీరేశం పాట మార్చాడు. ఎడమచేత్తో మొదటి ప్లేయర్ వైరును పట్టుకుని ఉంచుకున్నాడు.

తెల్లగా సున్నం వేసిన పొడుగాటి గోడ. మధ్యలో ఇనుప గేటు, గేటు లోపల తెల్లచొక్కాలో ప్రభాకర్ సారు, ఒక్కడే. వెనక అరుగు మీద కుర్చీలో ముసలామె, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. సారు పెళ్లికొడుకును చూడటం లేదు. ఆడేవాళ్లను చూడటం లేదు. వీరేశం చేతుల్ని చూస్తున్నాడు.

గోడ మొదలైంది. జీపు పక్కన నడుస్తున్న సత్తయ్య, ఎవరూ చెప్పకుండానే, చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. అలివేలు భర్త చేతిలోని చెప్పులు లాక్కుని కిందేసి, "తొడుక్కో! గియ్యాల తొడుక్కో!" అని అరిచింది. పాట హోరులో మాట వినపడలేదు, పెదవులు కనిపించాయి.

వీరేశం వైరు లాగాడు.

పాట ఆగింది. సైదులు బండి ఆపాడు. ఆ నిశ్శబ్దంలో మొదట వినిపించింది జనరేటర్ చప్పుడు. ఆడుతున్నవాళ్ల చేతులు గాలిలోనే ఉండిపోయాయి. ఒకామె వెంటనే కొంగు నిండుగా కప్పుకుంది. సత్తయ్య మళ్లీ చెప్పులందుకోవడానికి వంగాడు. జీపులో హరీష్ తల్లి వైపు చూడలేదు, పెళ్లికూతురు వైపు చూడలేదు. కాలు ఒకటి కిందికి దించాడు. అతను ఆలోచించి దించినట్టు లేదు. ఆ కాలికి తెలుసు, ఇక్కడ దిగాలని.

అప్పుడు పాట వచ్చింది.

మధ్యలో ఆగనే లేదన్నట్టు, అదే ఊపుతో, బాక్సులు అదిరేలా వచ్చింది. ఎవరు పెట్టారా అని వీరేశం తల తిప్పాడు. అతని కుడిచెయ్యి మీట మీద ఉంది. మీట పైకంటా ఉంది.

పాట మార్చినప్పుడు రెండు బొటనవేళ్లూ నొక్కాయి. నొక్కొద్దని రాత్రంతా అనుకున్న సంగతి వేళ్లకు ఎవరూ చెప్పలేదు.

వేలు కిందికి లాగితే చాలు. చిటికెలో అయిపోతుంది. రెండోదీ చెడిపోయింది, ఏం చేస్తాం అనొచ్చు. ఇంకా ముప్పై అంగలు ఉన్నాయి. గేటు లోపలి మనిషి ఇంకా అతని చేతుల్నే చూస్తున్నాడు, తొందరేమీ లేనట్టు, తప్పు దిద్దుకోవడానికి గడువిచ్చినట్టు.

వీరేశం హరీష్ కాలును చూశాడు. నేలకు జానెడు ఎత్తులో ఆగింది అది. పాట వచ్చాక కాసేపు అక్కడే వేలాడింది. తర్వాత నెమ్మదిగా, ఎవరిదో వస్తువును జాగ్రత్తగా ఎత్తిపెట్టినట్టు, హరీష్ దాన్ని జీపులోకి తీసుకున్నాడు. ఇప్పుడు మీట దించితే ఆ కాలు మళ్లీ దిగుతుంది. ఈసారి దిగితే అది అలవాటుతో దిగినట్టు కాదు.

వీరేశం వేలు మీట మీదే ఉంచాడు. కిందికి లాగలేదు. ఎడమచెయ్యి పైకెత్తి సైదులుకు కదలమని ఊపాడు.

ఇరవై. పది. అలివేలు ఆడటం లేదు. ఒక్కో అంగా లెక్కపెట్టుకుంటూ, గోడవైపు చూడకుండా, నిటారుగా నడుస్తోంది. గోడ ముగిసిన చోట కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడి, ముఖం కొంగులో దాచుకుంది. అరుగు మీది ముసలామె పక్కనున్న పనిమనిషిని ఏదో అడిగింది. ప్రభాకర్ సారు తన చేతులతోనే గేటు మూశాడు. చప్పుడు కాకుండా మూశాడు.

*

బాక్సులు దించే వేళకు అలివేలు లడ్డూ పట్టుకుని బండెక్కి వచ్చింది.

"వైరు ఊడింది గద తమ్మీ! నా పానం పోయిందనుకో. నీ రెండోది బతికిచ్చింది. నీకు దండం పెట్టాలె."

"వద్దక్కా," అన్నాడు వీరేశం. ఆమె చేతులు పట్టుకుని దించాడు. "దండం పెట్టకు. నిజంగనే వద్దు."

"గంత మొగమాటమేంది! తిను."

లడ్డూ జేబులో వేసుకున్నాడు.

కాలువ గట్టు మీద బండి పోతున్నప్పుడు ఇంకా వెలుతురు ఉంది. రెండువైపులా నీళ్లు నిలిచిన పొలాలు. సైదులు ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో డబ్బాలోంచి ఎర్ర టేపు తీసి వీరేశం ఒళ్లో పెట్టాడు.

"ఊడిన వైరుకు సుట్టవా బావా?"

"అది మంచిదే."

"మరెట్ల ఊడింది?"

వీరేశం టేపును ఒళ్లోనే అటూ ఇటూ తిప్పాడు.

"అద్దంల నీ ఎడమ చెయ్యి కనపడ్డది," అన్నాడు సైదులు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"కుడిచెయ్యి కనపడలేదా?"

"అదీ కనపడ్డది. అందుకే దేన్ని నమ్మాల్నో సమజైతలేదు."

"నాకూ అంతే," అన్నాడు వీరేశం. టేపును మళ్లీ డబ్బాలో పెట్టాడు.

కొంతదూరం పోయాక సైదులు పక్క అద్దం సర్దుకున్నాడు. వెనక ఒక తెల్లకారు. ఇతను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది. పక్కకు జరిగి తొవ్వ ఇచ్చినా దాటడం లేదు.

వీరేశం మొదటి ఫోన్ మోగింది. పేరు చూసి ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. ఒక నిమిషం గడిచింది. తర్వాత చొక్కా లోపలి జేబులో రెండో ఫోన్ మోగింది.

ఆ నంబరు వనితకు తెలుసు. ఇంకొక్క చోట పెన్సిల్‌తో రాసి ఉంది.

"వీరేశం," అన్నాడు ప్రభాకర్ సారు. అదే మెత్తని గొంతు. "ఇల్లు చేరినవా?"

"లేదు సార్. తొవ్వల ఉన్న."

"తెలుసు."

వీరేశం వెనక్కి తిరిగి చూడలేదు.

"రేపు పొద్దుగాల మిల్లు కాడికి రా. ఆ రెండు చిన్న డబ్బలు కూడ తీస్కరా. ఎట్ల పనిచేస్తయో నాకు జర సూపియ్యాలె."

వీరేశానికి తన డైరీ తెరవాల్సిన పని లేదు. రేపు ఏ ముహూర్తమూ లేదు. వచ్చే వారమంతా ఖాళీ. ఆ తర్వాతవి కూడా సారు డైరీలో ఈపాటికి చెరిగిపోయి ఉంటాయి, కాగితం మీద గీతలు మాత్రం మిగిలి. పన్నెండేళ్లుగా ఏ గిరాకీకీ అతను కాదని చెప్పలేదు. చేయలేనప్పుడు చెప్పడానికి వ్యాపారంలో ఒక మాట ఉంది, అందరూ వాడే మాట.

"రేపు డేట్ ఖాళీ లేదు సార్."



"ఎల్లుండి?"

"ఎల్లుండి కూడ లేదు."

ఫోన్ కట్టయింది. వీరేశం రెండు ఫోన్లనూ ఒకదాని పక్కన ఒకటి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు.

"రేపెక్కడ ప్రోగ్రాం?" అడిగాడు సైదులు.

"ఎక్కడా లేదు. మిర్యాలగూడ దాటేదాకా బండి ఆపకు."

సైదులు గేరు మార్చాడు. పొలాల మీద వెలుతురు తగ్గుతోంది. వెనక కారు లైట్లు వేసుకుంది.